తొమ్మిది గడపల ఊరు

స్కాట్లాండ్‌కి పడమటగా ఉన్న ఒక దీవిలో, సముద్రం ఒడ్డున, తొమ్మిది గడపల ఊరొకటి ఉండేది. ఆ ఊరి చరిత్ర ఇప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ తెలియదేమోనని నా అనుమానం. నేను ఆ దీవి చూడలేదు. స్కాట్లాండే చూడలేదు. అయినా నన్ను నిద్రలో లేపి అడిగినా తూర్పు కొసనున్న మొదటి ఇంటి నుంచి పడమటి కొసనున్న తొమ్మిదో ఇంటి దాకా వరసగా అప్పజెప్పగలను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఒకే కథ మూడేళ్ళపాటు వింటే రాయికైనా వస్తుంది.

ఆ కథ చెప్పిన పెద్దావిడ నార్త్ కరొలైనాలో, మోరిస్‌విల్ దగ్గరి ఒక నర్సింగ్ హోమ్‌లో, పదకొండో గదిలో ఉండేది. ఇవాళ మోరిస్‌విల్ అంటే ఎటు చూసినా మనవాళ్ళే, గోంగూర కట్టలు కూడా దొరుకుతాయి. నేను చెబుతున్నది డెబ్భైల చివరి మాట. అప్పుడది రైలు పట్టా పక్కన నాలుగిళ్ళు, ఒక పెట్రోల్ బంకు, అటూ ఇటూ పొగాకు చేలు. తెలుగు మాట వినాలంటే నేను మాట్లాడుకోవాలి, లేదా మా ఆయన మాట్లాడాలి. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

నేను నర్సుని. గుంటూరు వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో చదువుకుని అక్కడే ఆరేళ్ళు పనిచేశాను. కానీ అమెరికాలో లైసెన్సు పరీక్ష పాసయ్యేదాకా నర్సు నర్సు కాదు, ఎయిడ్. ఎయిడ్ అంటే పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం, బెడ్‌పాన్లు కడగడం. ఒక పరీక్ష అప్పటికే తప్పాను. పొద్దున ఏడింటికి తొడుక్కున్న తెల్ల బూట్లు మధ్యాహ్నం మూడింటికి విప్పితే పాదాల మీద లేసుల అచ్చులు పడి ఉండేవి. ఆ అచ్చులు పోయేలోపు మళ్ళీ ఏడయ్యేది. ఆ ఏళ్ళు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కాళ్ళ నొప్పే.

పెద్దావిడకి డెబ్భై అయిదు దాటి ఉంటాయి. పంతొమ్మిదో ఏట ఓడెక్కి ఈ దేశం వచ్చి, గొప్పవాళ్ళ ఇళ్ళలో వంటమనిషిగా చేసి, ఒక బట్టల మిల్లు కార్మికుణ్ణి పెళ్ళాడింది. ఆయన పోయాడు. పిల్లల్లేరు. ఆవిడ కాగితాల్లో 'మతిమరుపు, అయోమయం' అని రాసి ఉండేది. ఆవిడ కోరిక మాత్రం ఒక్కటే, అదీ ఏ అయోమయమూ లేని కోరిక. తన ఊరిని మొదటి గడప నుంచి చివరి గడప దాకా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఎవరో ఒకరికి పూర్తిగా అప్పజెప్పి పోవాలి. ఆ చెవి నాది అయింది. ఎందుకంటే ఆవిడకి స్నానం చేయించడానికి నలభై నిమిషాలు పట్టేది, ఆ నలభై నిమిషాలూ నేను ఎక్కడికీ పారిపోలేను.

కథ ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ఆవిడ ముత్తాత నాటికి వాళ్ళంతా దీవి మధ్యలో, నది పక్కన మంచి నేలలో ఉండేవారట. భూస్వామికి గొర్రెల మందలు కావాల్సొచ్చాయి. మనుషుల్ని లేవగొట్టి సముద్రం ఒడ్డుకి, వట్టి రాళ్ళ మీదికి తోలాడు. అక్కడ మొలకెత్తడానికి మట్టే లేదు. అందుకని ఆడవాళ్ళు వీపున బుట్టలు కట్టుకుని పాత ఊరి నుంచి మట్టి మోశారు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచు దాంట్లో కలిపి, రాళ్ళ మీద గట్లు గట్లుగా పోసి, బంగాళాదుంపలు పెట్టారు. "మా ఊరికి నేల కూడా మేమే మోసుకొచ్చుకున్నాం" అనేది ఆవిడ, సబ్బు నురగలో గడ్డం పైకెత్తి. ఆ మాట దగ్గర ప్రతిసారీ గర్వపడేది.

తర్వాత ఇళ్ళు. నెలవంకలా వంగిన ఒడ్డు, దాని మీద వరసగా తొమ్మిది ఇళ్ళు. రాతి గోడలు, గడ్డి కప్పులు. గాలికి కప్పు లేచిపోకుండా తాళ్ళు వేసి, తాళ్ళ చివర రాళ్ళు కట్టేవారు. మొదటి ఇంట్లో పడవలు బాగుచేసే ముసలాయన, ఆయన గుమ్మంలో ఎప్పుడూ తారు వాసన. రెండో ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఉన్ని నేసేవారు, ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు గానీ మగ్గం మాత్రం కలిసే ఆడించేవారు. మూడో ఇంటాయన చర్చిలో కీర్తన ఎత్తుకునేవాడు, ఆయన ఒక పాదం పాడితే ఊరంతా అందుకునేది. నాలుగో ఇంట్లో ఆవు. అయిదో ఇంట్లో, యుద్ధానికి పోయి ఒక చెయ్యి అక్కడే వదిలేసి వచ్చిన కుర్రాడు.

అయిదో ఇల్లయ్యాక ఆవిడ ఆగేది. కిటికీ వైపు చూసేది. పెదాలు కదిలేవి. చివరికి, "ఉండు, మొదటి నుంచి చెబుతాను. మా ముత్తాత నాటికి..." అని మళ్ళీ మొదలెట్టేది.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మొదట్లో నాకు జాలేసేది, తర్వాత నవ్వొచ్చేది, ఆ తర్వాత ఏమీ రావడం మానేసింది. మతిమరుపు కదా, అయిదు దాకా గుర్తుండి ఆరు మర్చిపోతోంది అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు. మూడింటికి బయట కారులో మా ఆయన ఎదురు చూస్తుండేవాడు. ఉన్నది ఒకటే కారు, నన్ను దింపి ఆయన సెకండ్ షిఫ్ట్‌కి పోవాలి. "ఇవాళైనా ఆరో ఇల్లు వచ్చిందా?" అని అడిగేవాడు. ఆ రోజు పది మాటల్లో నాలుగు అలా ఖర్చయ్యేవి. "లేదండీ, మళ్ళీ ముత్తాత దగ్గరికే" అనేదాన్ని. ఇంటికి చేరేసరికి నా కళ్ళు మూతలు పడిపోయేవి.

రెండో పరీక్ష ఫలితం ఒక మంగళవారం వచ్చింది. తప్పాను. అదే రోజు ఇద్దరు ఎయిడ్లు రాలేదు, డబుల్ షిఫ్ట్ చెయ్యమన్నారు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది. మధ్యాహ్నం పెద్దావిడకి తినిపిస్తూ కూచున్నాను. ముత్తాత అయ్యాడు, మట్టి బుట్టలయ్యాయి, అయిదిళ్ళూ అయ్యాయి. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "ఉండు, మొదటి నుంచి..."

నాకు ఒళ్ళు మండిపోయింది. మీద చెయ్యి చేసుకోలేదు, గొంతు పెంచలేదు. అలసిపోయిన మనిషి అనే మాటే అన్నాను.

"ఆ ఆరో ఇల్లు వదిలెయ్యండమ్మా. దాటేసి ఏడో ఇంటికి పోదాం. వాళ్ళేమీ అనుకోరులెండి, ఈ పూటైనా ఊరు పూర్తవుతుంది."

ఆవిడ నా వంక చూసింది. ఆ చూపులో అయోమయం లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. చెంచా అందిస్తే నోరు తెరవలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మూడు వారాలు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. తిండి సగానికి సగం తగ్గిపోయింది. స్నానం చేయిస్తుంటే ఎముకలు చేతికి తగిలేవి. నేను ఏం తప్పు చేశానో తెలియలేదు గానీ, ఏదో చేశానని మాత్రం తెలుసు. ఆ నలభై నిమిషాల నిశ్శబ్దం ఎంత బరువుగా ఉండేదంటే, ముత్తాత కథే నయమనిపించేది. చివరికి ఒక రోజు తువ్వాలుతో పాదాలు తుడుస్తూ, "నన్ను క్షమించండి. ఎందుకని అడగొద్దు, నాకే తెలియదు. క్షమించండి" అన్నాను.

అప్పుడు ఆవిడ నోరు విప్పింది.

"మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది అమ్మాయ్. సముద్రం దాటిపోయేవాళ్ళు, ఇక తిరిగి రారని తెలిసినవాళ్ళు, వెళ్ళే రోజున మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నడవాలి. సూర్యుడు నడిచే వైపే నడవాలి. ప్రతి గడపలో ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి, గుక్కెడు పాలో, రొట్టె ముక్కో. ఒక్క గడప కూడా దాటకూడదు."

ఆవిడ వెళ్ళే రోజు వచ్చింది. పడవ రేవు పడమటి కొసన, వాళ్ళింటి కిందే. అయిదో ఇంట్లో చెయ్యి లేని కుర్రాడు ఆవిణ్ణి చాలాసేపు వదల్లేదట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. బయటికొచ్చేసరికి పోటు తగ్గిపోతోంది, పడవవాడు కేకలేస్తున్నాడు. ఆరో ఇంట్లో ఒక ముసలి విధవరాలు. ఆమె భర్త, ఇద్దరు కొడుకులు ఒకే పడవలో మునిగిపోయారు. ఆమెకి ఆవు లేదు, నాలుగో ఇంటి నుంచి పాలు అడిగి తెచ్చుకుని, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మా నాన్న నా రెక్క పట్టుకుని లాగాడు. 'వదిలెయ్, ఆమె ఏమీ అనుకోదు, పద' అన్నాడు. నేను పరిగెత్తాను. ఏడో గడపా ఎనిమిదో గడపా అయితే ముట్టుకునే వచ్చాను, అవి దారిలోవి. ఆమె ఇల్లు నాలుగడుగులు పైన ఉండేది. అంతే, నాలుగడుగులు. ఆ చలికాలమే పోయిందని ఉత్తరం వచ్చింది. ఆ గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు."

'వదిలెయ్యండి, వాళ్ళేమీ అనుకోరు' అన్నాను నేను. యాభై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న అన్న మాటే. పుండు మీద కారం చల్లానని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఎవరి కడుపున పుట్టానో తలుచుకుంటే సిగ్గు ఇంకా ఎక్కువైంది.

మా అమ్మ బైబిలు స్త్రీ, చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి వాక్యం చదివి ప్రార్థన చేసేది. కృష్ణ సముద్రంలో కలిసే చోట మాది పద్నాలుగు గడపల పల్లె, చిన్న చర్చి. మా పల్లెలో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి దేవుడికని వేరే కుండలో వేసేవారు. శనివారం పొద్దున అమ్మ సంచి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, కాలవ దగ్గరి మొదటి ఇంటి నుంచి సముద్రం వైపు చివరి ఇంటి దాకా ఆ బియ్యం ఎత్తేది. కొన్ని ఇళ్ళలో కుండ ఖాళీగా ఉండేది. అలాంటి ఇల్లు వచ్చినప్పుడు నేను అమ్మ చెంగు లాగేదాన్ని. "ఆళ్ళకాడ ఏం లేవు కదే, పోదాం పదవే అమ్మా" అనేదాన్ని. అమ్మ కదిలేది కాదు. "ఇచ్చే గడప ముందు ఎవురైనా నిలబడతారే. ఇయ్యలేని గడప ముందే మనం నిలబడాల" అనేది. నిలబడి, ప్రార్థన చేసి, వాళ్ళ పిల్లల పేర్లన్నీ చెప్పి, అప్పుడు కదిలేది.

ఇదంతా పెద్దావిడకి చెప్పాను. అమెరికా వచ్చాక నేను మా పల్లె గురించి ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి.

"మీ ఊళ్ళో ఇప్పుడు ఎవరున్నారు?" అంది.

"ఊరు లేదు. సముద్రం తీసుకుపోయింది. మా అమ్మని కూడా."

నేను వచ్చిన ఏడాదే, డెబ్భై ఏడు నవంబరులో, ఉప్పెన వచ్చింది. కబురు నాకు ఉత్తరంలో మూడు వారాలకి చేరింది. మా బాబాయి ఒక్కడు, వలల పని మీద బందరు వెళ్ళి ఉండబట్టి మిగిలాడు. ఆ ఉత్తరం చదువుకున్న రోజు కూడా నేను డ్యూటీకి వెళ్ళాను. ఏడవలేదు. ఏడుపు రాలేదంటే నమ్మరు గానీ నిజంగా రాలేదు. కాళ్ళు నొప్పులు, పరీక్ష పుస్తకాలు, మళ్ళీ ఏడు గంటలు. అలా ఒక రోజు, ఒక వారం, ఆ తర్వాత ఏళ్ళు.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "అయితే నువ్వు కూడా నడవాలి. మొదటి గడప నుంచి చెప్పు, నేను వింటాను."

"ఇప్పుడు కాదమ్మా, పక్క గదిలో బెల్లు మోగుతోంది" అన్నాను. బెల్లు మోగిన మాట నిజమే.

ఆ ఆదివారం నాకు సెలవు. చర్చి అయ్యాక మా ఆయన్ని అటు పోనివ్వమన్నాను. "సెలవు రోజు కూడా అక్కడికేనా? నీ లెగ్స్ చూసుకో ఎలా స్వెల్ అయ్యాయో" అన్నాడు. అన్నాడే గానీ కారు అటే తిప్పాడు. నర్సింగ్ హోమ్ వంటింట్లో అడిగి ఒక గిన్నెలో గోరువెచ్చటి పాలు తీసుకున్నాను. కప్పు ఇస్తామన్నారు, గిన్నే కావాలన్నాను.

"ఇవాళ నేను చెబుతాను, మీరు నడవండి" అన్నాను పెద్దావిడతో. ముత్తాతతో మొదలెట్టాను. గొర్రెలు, మట్టి బుట్టలు, నాచు. తారు వాసన గుమ్మం, మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళు, కీర్తన ఎత్తుకునే ఆయన, ఆవు. ఎక్కడైనా తప్పుతానేమోనని ఆవిడ వేలు పైకెత్తి ఉంచింది. తప్పలేదు. అయిదో ఇంట్లో కుర్రాడి దగ్గర కాసేపు ఆగాను. తర్వాత నాలుగడుగులు పైకెక్కాం అని చెప్పి, ఆవిడ ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

ఎంతసేపయిందో తెలియదు. నా కాళ్ళు పీకుతున్నాయి, అయినా కూచోలేదు. ఆవిడ రెండు చేతులూ చాచి గిన్నె అందుకుంది. పాలు గడ్డం మీద కారుతున్నా, చివరి బొట్టు దాకా తాగింది. ఖాళీ గిన్నె నా చేతికిచ్చి వాళ్ళ భాషలో ఏదో అంది. అది నాతో అన్న మాట కాదు, నాకు అర్థం కానవసరమూ లేదు.

ఆ తర్వాత ఆవిడే నడిచింది. ఏడో ఇల్లు కెనడా వెళ్ళిపోయినవాళ్ళది, తలుపు మూసి ఉండేది, అయినా గడప మీద చెయ్యేసి పోవాలి. ఎనిమిదో ఇంట్లో చెప్పులు కుట్టే చెవిటాయన. తొమ్మిదోది వాళ్ళిల్లు. ఏదో పెద్ద కథ ఉంటుందనుకుని ఎదురు చూశాను. "లోపలికి వెళ్ళేటప్పుడు వంగాలి, గుమ్మం పొట్టిది" అంది, అంతే. కళ్ళు మూసుకుంది. నిద్రపోయింది.

మళ్ళీ ఎప్పుడూ ఆ కథ మొదలెట్టలేదు. ఇంకో ఏడు నెలలు బతికింది. నెమ్మదిగా నన్ను మర్చిపోయింది, ఇంగ్లీషు కూడా మర్చిపోయింది. పోయిన రోజు ఆ గదిలో ఎవరూ లేరు, నేను పక్క గదిలో పక్క మారుస్తున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మూడోసారి పరీక్ష పాసయ్యాను. సంతోషం కలిగిందని చెప్పాలి, కానీ కలిగింది 'హమ్మయ్య' అన్న మాట ఒక్కటే. ఇక చదవక్కర్లేదు గనక ఒక సాయంత్రం ఊరికే కూచున్నాను, చాలా ఏళ్ళకి మొదటిసారి. పరీక్ష నోటుపుస్తకంలో వెనక పేజీ ఖాళీగా ఉంది. పెద్దావిడకి బాకీ పడ్డట్టు అనిపించి మా పల్లె రాయడం మొదలెట్టాను. కాలవ దగ్గర నుంచి, అమ్మ చెంగు పట్టుకుని, సంచి నిండుతుండగా, ఒక్కో గడపా, ఆ గడపలో పిల్లల పేర్లూ. సముద్రం వైపు చివరి ఇల్లు రాసి లెక్కపెట్టాను.

పదమూడు.

మా పల్లెని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పద్నాలుగిళ్ళ పల్లె అనే పిలిచేవారు. మళ్ళీ కాలవ నుంచి మొదలెట్టాను. పదమూడే. మా ఆయన పేర్లు చదువుతుంటే నేను వేళ్ళు మడిచాను. పదమూడే. నాకు భయం వేసింది. ఎన్నడూ చూడని దీవిలో తొమ్మిది గడపలు పొల్లుపోకుండా చెప్పగలను, నా పల్లెలో ఒక ఇల్లు, ఇంటిల్లిపాదీ, చచ్చిపోయిన మనుషులు, నా తలలోంచి కూడా కొట్టుకుపోయారు. ఏ ఇంటివాళ్ళో, ఏ పిల్లలతో ఆడుకుని మర్చిపోయానో. నెల రోజులు సరిగా అన్నం తినలేదు. ఉండబట్టలేక పదమూడు ఇళ్ళూ వరసగా రాసి, తప్పిపోయినవాళ్ళు ఎవరో చెప్పమని బాబాయికి ఉత్తరం వేశాను.

బాబాయి అప్పటికి తుఫాను కాలనీలో, వరసగా నంబర్లేసి కట్టిన ఇళ్ళలో ఒకదాంట్లో ఉంటున్నాడు. జవాబు రావడానికి అయిదు వారాలు పట్టింది. ఎవరిచేతో రాయించాడు గానీ మాట మాత్రం ఆయనదే.

"అమ్మాయిని బాబాయి దీవించి రాయించేది. నువ్వు రాసిన ఇళ్ళన్నీ రైటే. కాలవకాణ్ణుంచి లెక్కేస్తే ఏడో ఇంటికీ దాని తరవాత రాసిందానికీ నడాన ఒకటి ఒగ్గేశావు. అదేందే పిల్లా, అది మనిల్లు గదంటే. మీ అమ్మ సంచట్టుకుని బయల్దేరిందే ఆ గడపలోంచి గదంటే."

మా ఇంటి బియ్యం ముందే సంచిలో పడేవి. అందుకని శనివారాలు అన్ని గడపల ముందూ నిలబడి, మా గడప వచ్చేసరికి అమ్మా నేనూ ఆగకుండా దాటిపోయేవాళ్ళం.

ఉత్తరం బల్ల మీద పెట్టి, నోటుపుస్తకంలో ఏడో ఇంటికీ ఎనిమిదో ఇంటికీ నడుమ ఉన్న సందులో మా అమ్మ పేరు రాశాను. అయిదేళ్ళ తర్వాత, అప్పుడు ఏడ్చాను.